రవ్వ పుట్టిన చోటికి ఆరు రోజులు

నాయనమ్మ ముక్కుపుడక నాకొచ్చి పదకొండేళ్లయింది. ఒంటి రవ్వ. మా ఇంట్లో వజ్రం అన్న మాట ఎవరూ వాడరు, రవ్వ అనే అంటాం. నిప్పురవ్వనూ ఈ రాయినీ ఒకే మాటతో పిలిచిన భాష మనది. ఆ రవ్వ లోపల, ఎండకు పట్టి చూస్తే, ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్ల చుక్క ఒకటుంది. "దోషం ఉన్న రాయి, ఇంటికి అచ్చిరాదు" అని తాతయ్య తరఫు పెద్దవాళ్లు అనేవారట. నాయనమ్మ మాత్రం ఒక్కరోజూ తియ్యలేదు. నా ముక్కు మీదకు వచ్చాక నాకూ అప్పుడప్పుడు ఆ మాట గుర్తొచ్చి టెన్షన్ పడేదాన్ని.

మా అమ్మాయి జియాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. "అమ్మా, వజ్రం అమ్మిన చోటు నుంచి తవ్విన చోటికి, అక్కడి నుంచి అది పైకొచ్చిన చోటికి వెనక్కి నడుద్దామా?" అంది. జూన్ నెల, తొలకరి పడుతోంది. బయల్దేరాం.

మొదటి రోజు: గోల్కొండ

ఫతే దర్వాజా కింద అందరిలాగే చప్పట్లు కొట్టాం, బాలాహిసార్ దాకా ఎక్కాం. పైన నిలబడి నేను అమాయకంగా "గనులు ఎటువైపు ఉండేవి?" అని అడిగాను. అమ్మాయి కాలి కింద బండను తట్టి, "ఇదంతా గ్రానైట్ అమ్మా. ఇక్కడ ఒక్క గని కూడా లేదు" అంది.

నిజమే. గోల్కొండ వజ్రం అంటే గోల్కొండలో తవ్విన వజ్రం కాదు, గోల్కొండ రాజ్యంలో తవ్వి, ఇక్కడి సంతకు తెచ్చిన వజ్రం. 1518 నుంచి 1687లో ఔరంగజేబు కోటను పట్టుకునే దాకా ఇది కుతుబ్‌షాహీల రాజ్యం. కోటకు కొంత దూరంలో ఉన్న కార్వాన్‌లో వర్తకులు ఉండేవారు. పెద్ద రాళ్లు రాజుకు, మిగిలినవి బేరానికి. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు లోకానికి వజ్రం అంటే దాదాపుగా మన దేశమే. దక్షిణాఫ్రికా మాట 1860ల తర్వాతిది.

కోట మీద కూర్చుని, ఇక్కడి నుంచి వెళ్లిపోయిన రాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పుకున్నాం. మన నేలదే అని తరతరాలుగా చెప్పుకునే కోహినూర్ 105.6 క్యారెట్లు, లండన్ కోటలో. రీజెంట్ 140.64 క్యారెట్లు, పారిస్ లూవ్ర్‌లో. నీలి రంగు హోప్ 45.52 క్యారెట్లు, వాషింగ్టన్ మ్యూజియంలో. దరియా-ఇ-నూర్ టెహ్రాన్‌లో. క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు. ఈ నాలుగూ కలిపినా వంద గ్రాములు దాటవు. ఎన్ని యుద్ధాలు, ఎన్ని దొంగతనాలు ఆ వంద గ్రాముల కోసం!

గోల్కొండ రాళ్లకు అంత పేరు ఎందుకు అని అడిగితే అమ్మాయి చెప్పింది. వజ్రం మొత్తం కార్బనే. కానీ చాలా వజ్రాల్లో కొద్దిగా నైట్రోజన్ చేరి పసుపు ఛాయ వస్తుంది. నైట్రోజన్ దాదాపు లేని రాళ్లు నూటికి రెండు కూడా ఉండవు, వాటిని టైప్ టూ ఏ అంటారు. గోల్కొండ పేరు నిలబెట్టిన పెద్ద తెల్ల రాళ్లు ఎక్కువగా ఆ జాతివే. హోప్ నీలానికి కారణం మాత్రం బోరాన్.

రాత్రి గదిలో రత్నశాస్త్రం తిరగేశాను. వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రానికి ఒక అధ్యాయమే ఉంది. మంచి వజ్రం మెరుపులా, నిప్పులా, ఇంద్రధనుస్సులా ఉంటుందట, నీళ్ల మీద తేలుతుందట. కొడుకు కావాలనుకునే స్త్రీ వజ్రం పెట్టుకోకూడదని కొందరంటారు అని కూడా రాశాడాయన. వజ్ర దోషాల జాబితాల్లో బిందువు, రేఖ, కాకిపాదం కనిపించాయి. బిందువు అన్న మాట దగ్గర నా వేలు ముక్కు మీదకు వెళ్లింది.

నీళ్ల మీద తేలడం సంగతి అడిగాను. వజ్రం నీటికన్నా మూడున్నర రెట్లు బరువు, మునగాల్సిందే. "కానీ నీళ్లు దాన్ని తడపవు అమ్మా. చాలా సన్న రవ్వను మెల్లగా పెడితే నీటి పై పొర మీద నిలవొచ్చు. అందుకే అలా రాశారేమో" అంది. నీటిని ఇష్టపడనిది నూనెను పట్టుకుంటుంది. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్ల మీద మట్టినీళ్లు పారిస్తే మిగతా రాళ్లు కొట్టుకుపోయి వజ్రాలు గ్రీజుకు అంటుకునేవి. నాయనమ్మ ప్రతి శుక్రవారం కుంకుడు రసంలో ముక్కుపుడక కడిగేది, "రవ్వకు జిడ్డు తొందరగా పడుతుందే" అంటూ. గని ఇంజనీర్లకు తెలిసిన సంగతే ఆమెకూ తెలుసు.

రెండో రోజు: కొల్లూరు, పరిటాల

జగ్గయ్యపేట దగ్గర హైవే దిగి కృష్ణ వైపు వెళ్లాం. పులిచింతల జలాశయం ఒడ్డున కారు ఆగింది. అవతల దక్షిణపు ఒడ్డు కొండలు, మధ్యలో నీళ్లు. కొల్లూరు ఆ నీళ్ల కింద ఉంది. ప్రపంచంలోకెల్లా పేరున్న వజ్రాల గని చూడటానికి వచ్చి, మేం చూసింది నీటి మీద గాలి గీసిన గీతలు.

టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చాడు. ఆయన పుస్తకం 1676లో అచ్చయింది. తను వచ్చేనాటికి సుమారు వందేళ్ల ముందు ఒక రైతు చిరుధాన్యం వేయడానికి నేల తవ్వుతుంటే దాదాపు 25 క్యారెట్ల కొనదేలిన రాయి దొరికిందని, అలా ఈ గని మొదలైందని రాశాడు. తను చూసినప్పుడు మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిసి అరవై వేల మంది పని చేస్తున్నారట. మగవాళ్లు పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు తవ్వుతారు. నీళ్లు పడగానే ఆపేస్తారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. చుట్టూ చిన్న గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లతో కలిపి, బురద వదిలేసి, మిగిలిన ఇసుకను ఎండబెట్టి, చేటలతో చెరిగి, చేతులతో వెతుకుతారు.

చేటలతో చెరిగారన్న చోట నేను ఆగిపోయాను. కంది పప్పు చెరిగినట్టు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. వంటింటి పనే అది, అదే చేతి ఒడుపు. హోప్ అనే ఆ నీలి రాయి ఎవరి చేటలో మెరిసిందో? దాన్ని కొని తీసుకెళ్లి 1668లో లూయీ రాజుకు అమ్మిన టావెర్నియే పేరుంది. దాన్ని మొదటిసారి కోయించిన రాజు పేరుంది. 1792లో దొంగతనం జరిగిన సంగతి ఉంది. 1958లో దాన్ని వాషింగ్టన్‌కు ఇచ్చిన నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ పేరుంది. మట్టి మోసిన ఒక్క మనిషి పేరూ లేదు.

గొర్రెలు కాచుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చి "కొల్లూరుకేనా అమ్మా? ఊరే లేచిపోయిందిగా. నీళ్లు తగ్గినప్పుడు మాత్రం జనం దిగుతారు, రాళ్లకి" అన్నాడు. ఆయనకు దొరికాయా అని అడగలేదు. అడగాలనిపించలేదు.

సాయంత్రానికి పరిటాల. విజయవాడ రోడ్డు మీద ఎత్తైన ఆంజనేయస్వామి విగ్రహం కనిపించే ఊరే. రీజెంట్ వజ్రం ఇక్కడిదని చెబుతారు. ముడిగా ఉన్నప్పుడు అది 410 క్యారెట్లు. గనిలో పనిచేసే బానిస ఒకడు దాన్ని కాలి గాయంలో దాచి, కట్టు కట్టుకుని సముద్రం దాకా పారిపోయాడని, ఓడవాడు రాయి తీసుకుని అతణ్ణి నీళ్లలోకి తోసేశాడని కథ. కథే కావొచ్చు. ఆ తర్వాతిది మాత్రం కథ కాదు, చరిత్ర. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ ఆ రాయిని కొన్నాడు, ఇంగ్లండులో కోయించాడు, 1717లో ఫ్రాన్సు రీజెంటుకు, అంటే బాలరాజు తరఫున పాలిస్తున్నవాడికి, అమ్మాడు. మనదే అయిన ఆ రాయికి మన భాషలో ఒక పేరు కూడా లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

మూడో రోజు: అమరావతి, ఆపైన రైలు

ఉదయం అమరావతిలో మహాచైత్యం చుట్టూ నడిచాం. కొల్లూరుకు ఇది అంత దూరం కాదు, అదే నది. 2006లో దలైలామా ఇక్కడే కాలచక్ర జరిపారు. ఆయన అనుసరించే బౌద్ధశాఖ వజ్రయానం, ఆ మాటలోనే వజ్రం ఉంది. బౌద్ధుల వజ్రచ్ఛేదిక సూత్రంలోనూ ఉంది. చైనీయుల భాషలో క్రీ.శ. 868లో అచ్చయిన దాని ప్రతి, తేదీ ఉన్న అచ్చు పుస్తకాల్లో ఇప్పటికి దొరికిన అన్నిటికన్నా పాతది. అక్కడ వజ్రం నగ కాదు, దేన్నైనా తెంచగలిగి తను తెగనిది.

మన పురాణాల్లోనూ వజ్రం ముందు ఆయుధం, తర్వాతే రాయి. దధీచి తన ఎముకలిస్తే ఇంద్రుడి వజ్రాయుధం తయారైంది. గరుడపురాణంలో బలాసురుడి శరీరం రత్నాలుగా మారినప్పుడు ఎముకలే వజ్రాలయ్యాయి. రెండు కథల్లోనూ ఒక ప్రాణం పోవాలి, ఎముక మిగలాలి. నవగ్రహాల లెక్కలో మాత్రం ఇదే రాయి శుక్రుడిది, భోగానిది. ఒకే రాయికి త్యాగాన్నీ భోగాన్నీ కట్టబెట్టారు.

మధ్యాహ్నం గుంటూరులో నంద్యాల రైలెక్కాం. నల్లమల మీద వాన. అంతే ఆ రోజు.

నాలుగో రోజు: బనగానపల్లె

ఊరి పేరు చెబితే అందరికీ మామిడిపండే గుర్తొస్తుంది. రోడ్డు పక్కన సీజను చివరి కాయలు అమ్ముతున్నారు, కొన్నాం. మా పని మాత్రం ఊరి బయట బండలతో.

ఒక చోట అమ్మాయి వంగి, బండ అంచు చూపించింది. గులకరాళ్లు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, పల్లీ చిక్కీలా ఉంది. దాన్ని కాంగ్లోమరేట్ అంటారట. యాభై కోట్ల ఏళ్లకు మించిన వయసు. అప్పటికే వజ్రాలు తమ మొదటి రాయిని వదిలి, నీళ్లలో కొట్టుకొచ్చి, ఈ గులకరాళ్లతో పాటు ఇక్కడ పేరుకుని మళ్లీ రాయిగా గట్టిపడ్డాయి. పాతకాలపు వాళ్లు పైనున్న గట్టి రాతిని బావిలా తొలుచుకుంటూ దిగి, ఈ పొర చేరాక పక్కలకు పాక్కుంటూ తవ్వేవారు. మా వాడుకలో 'వజ్రసంకల్పం' అని తేలిగ్గా అనేస్తాం. చేతి పనిముట్లతో ఆ రాతిలోకి దిగిన వాళ్లకే ఆ మాట సరిపోతుందని నాకనిపించింది.

దారిలో నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక పొరపాటు కూడా పోయింది. వజ్రం పగలదనుకునేదాన్ని. గీత పడదు, అంతే. గీతకు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే మోస్ కొలతలో దానిది పది, అన్నిటికన్నా పైన. అందుకే వజ్రాన్ని వజ్రం పొడితోనే సాన పట్టాలి. కానీ అణువుల వరసల మధ్య నాలుగు దిక్కుల్లో అది చీలే దారులున్నాయి. సరిగ్గా ఆ దారిలో దెబ్బ పడితే వజ్రం ముక్కలవుతుంది. పనివాడు ఆ దారి తెలుసుకునే రాయిని చీలుస్తాడు. నిజమైన వజ్రమో కాదో తేల్చడానికి సుత్తితో కొట్టి చూసి ఎన్ని మంచి రాళ్లు పాడుచేశారో పాపం.

కర్నూలు వైపున్న రామళ్లకోట వెళ్లడానికి టైం లేకపోయింది. టావెర్నియే రావల్కొండ అని రాసిన గని అదే అని కొందరు అంటారు. అక్కడ వర్తకుల పిల్లలు, పదేళ్ల నుంచి పదహారేళ్ల వాళ్లు, చెట్టు కింద చిన్న త్రాసులు పెట్టుకుని కూర్చుని రాళ్లు కొనేవారట. పెద్దవాళ్లు ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు, పక్కవాడికి తెలియకుండా. పశువుల సంతలో తువ్వాలు కింద చేసే బేరం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

అయిదో రోజు: జొన్నగిరి

తెల్లవారుజామున గట్టి వాన పడింది. మా కారు డ్రైవరు సంతోషంగా "మంచి రోజు వచ్చినారు మేడం" అన్నాడు. జొన్నగిరి చేరేసరికి ఎర్రమట్టి చేలల్లో వందల మంది. ఒక్కరూ మాట్లాడటం లేదు. తల వంచుకుని, చిన్న కర్రతో మట్టి కదుపుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నారు. తొలకరి పడిందంటే ఇక్కడికీ, తుగ్గలి చుట్టుపక్కల ఊళ్లకీ జనం వస్తారు, బళ్లారి నుంచి కూడా. కొందరు చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకుంటారు.

వాన ఎందుకు కావాలి? సన్న మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలతాయి. తర్వాత ఎండ పడితే రాయి కన్ను కొడుతుంది. పదమూడో శతాబ్దం చివర్లో మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కోపోలో కూడా, కొండల మీద వానలు పడి వాగులు పారాక వాటి దారిలో వజ్రాలు వెతుకుతారని చెప్పాడు. లోయలో పాములు, మాంసం ముక్కలు, వాటిని ఎత్తుకుపోయే గద్దల కథ కూడా ఆయనే చెప్పాడు. గద్దల సంగతి వదిలేస్తే, వాన సంగతి ఈ పొద్దుటికీ నిజం.

నా వయసే ఉన్న ఒకావిడ గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. పక్కన కూర్చున్నాను.

"యాడ్నుంచి వచ్చినారక్కా?"

"హైదరాబాదు నుంచమ్మా. మీకేమైనా దొరికిందా?"

"మూడేండ్ల నుంచి వస్తాండా. ఒగ రాయి దొరికింది, పోయినేడు. కందిగింజంత. ఊర్లో ఒగాయన తీసుకున్యాడు."

"ఎంతిచ్చాడు?"

"ఇచ్చినాడులే" అని నవ్వింది. కాసేపాగి, "రాయి ధర మనకేం తెలుస్తాది? ఆయనకి తెలుస్తాది. కూతురి ఫీజు కట్టినా" అంది.

మధ్యలో ఒక కుర్రాడు రాయి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా అమ్మాయి లెన్సు తీసి చూసింది. క్వార్ట్జ్, అంటే పలుగురాయి. చెప్పడానికి అమ్మాయికి నోరు రాలేదు. తర్వాత ఆ పిల్లవాడికి కొన్ని గుర్తులు చెప్పింది. ముడి వజ్రం కోసిన రవ్వలా మెరవదు, నూనె రాసినట్టు జిగటగా కనిపిస్తుంది. చాలాసార్లు రెండు గోపురాలు అడుగులు కలిపినట్టు ఎనిమిది ముఖాలుంటాయి. నోటితో ఆవిరి ఊదితే గాజు మీద కాసేపు నిలుస్తుంది, వజ్రం మీద వెంటనే పోతుంది, ఎందుకంటే వేడిని రాగికన్నా వేగంగా లాగేస్తుంది. ఆవిడ నా ముక్కు వైపు చూసి "అది రవ్వేనా అక్కా?" అంది. తీసి చేతికిచ్చాను. మూడేళ్లుగా వెతుకుతున్న మనిషి సాన పట్టిన రవ్వను మొదటిసారి చేతిలో పట్టుకుంది. ఊదింది. ఆవిరి పోయింది. "నిజమే" అని తిరిగిచ్చింది.

దగ్గర్లోనే ఎర్రగుడి అశోకుడి శాసనాలు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, నాగలి తిరిగినట్టు చెక్కారు. జొన్నగిరే అశోకుడి సువర్ణగిరి అని చెబుతారు. ఆ బండల మీద నిలబడితే, రెండు వేల రెండు వందల ఏళ్ల పాతదనం కూడా నిన్నటిదే అనిపించింది. మేం మర్నాడు చూడబోయేది నూట పది కోట్ల ఏళ్లది.

ఆరో రోజు: వజ్రకరూరు

గుంతకల్లు నుంచి పొద్దున్నే బయల్దేరాం. ఊరి పేరులోనే వజ్రం ఉంది. కానీ చూడటానికి ఏమీ లేదు. కంప చెట్లు, వేరుశనగ చేలు, కొంచెం పల్లంగా ఉన్న నేల, తెల్లటి సున్నపు గడ్డలు. "ఇదే అమ్మా" అంది మా అమ్మాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు.

నిలబడి వివరించింది. భూమిలో నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతున, వెయ్యి డిగ్రీల చుట్టూ ఉండే వేడిలో, పెన్సిల్‌లో ఉండే కార్బన్ నొక్కుకుపోయి వజ్రం అవుతుంది. వంద కోట్ల నుంచి మూడు వందల కోట్ల ఏళ్లకు పైగా పాతవి ఆ వజ్రాలు. అవి వాటంతట అవి పైకి రాలేవు. మెల్లగా వస్తే దారిలో గ్రాఫైటుగా మారిపోతాయి. అడుగున పుట్టిన ఒక రకం కరుగు రాయి, గ్యాసుల బలంతో, గంటల్లోనో కొద్ది రోజుల్లోనో భూమిని చీల్చుకుని దూసుకొస్తూ వాటిని మోసుకొచ్చింది. గరాటులాంటి ఆ దారినే పైపు అంటారు, రాతిని కింబర్లైట్ అంటారు. వజ్రకరూరు పైపులు అలాంటివే. కొల్లూరు రాళ్లు వీటి నుంచే వెళ్లాయా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకుంటున్న విషయం. ఇప్పుడు ఇక్కడ గని నడవడం లేదు. దేశంలో నడిచే వజ్రాల గని మధ్యప్రదేశ్‌లోని పన్నా దగ్గరే.

మట్టిలో చెయ్యి పెట్టి ముదురు ఎరుపు గింజలు రెండు ఏరింది. గార్నెట్లట. వజ్రంతో పాటు లోతు నుంచి వచ్చే తోడుగాళ్లు. వజ్రం వెతికేవాళ్లు ముందు వీటినే వెతుకుతారు.

"ముక్కుపుడక ఒకసారి ఇవ్వమ్మా."

ఇచ్చాను. పది రెట్లు చూపించే లెన్సు కింద పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చుక్క గురించి ఎత్తకపోతే బాగుండును అనుకున్నాను. అదే ఎత్తింది.

"ఇది చూశావా, ఈ నల్ల చుక్క? ఇది బయటి నుంచి పడింది కాదు. రవ్వ పెరుగుతున్నప్పుడు పక్కనున్న ఖనిజాన్ని కొంచెం లోపల మూసేసుకుంది. వజ్రంలో వయసు తెలిపేది ఏమీ ఉండదమ్మా, వట్టి కార్బన్. వయసు కట్టేది ఇలాంటి చుక్కలతోనే. కొన్ని చుక్కల్లో గార్నెట్ ఉంటుంది, కొన్నిట్లో సల్ఫైడు ఉంటుంది. అంత లోతున భూమి ఎలా ఉంటుందో మనుషులు దిగి చూడలేరు. ఇది చూసి వచ్చింది."

"మరి దోషం అన్నారుగా?"

"నగల షాపులో ఇప్పటికీ అలాగే అంటారు. మా ప్రొఫెసర్ అయితే ఇది ఇవ్వమని బతిమాలతారు. కానీ చూడాలంటే రవ్వను కాల్చాలి, లేదా పగలగొట్టాలి."

కాల్చడం అన్న మాటకు ఉలిక్కిపడ్డాను. అదీ నిజమేనట. 1772లో లావోయిసియే వజ్రాన్ని కాల్చాడు, 1797లో స్మిత్‌సన్ టెన్నంట్ అది అచ్చంగా కార్బనేనని తేల్చాడు. గాలి తగిలేలా బాగా వేడి చేస్తే బూడిద కూడా మిగలకుండా గాలిలో కలిసిపోతుంది. నిప్పురవ్వ, రవ్వ.

లెన్సు నా చేతికిచ్చింది. ఎండకు పట్టి చూశాను. తెల్లటి వెలుగు మధ్యలో నల్ల చుక్క, దాని చుట్టూ ఈకలా సన్నని చీలిక. నాయనమ్మ దీన్ని ఎప్పుడైనా ఇంత దగ్గరగా చూసిందా? తెలియదు. దూరంగా వేరుశనగ చేలో ఎవరో గుంటక తోలుతున్నారు. మళ్లీ మబ్బు పట్టింది. చినుకు పడేలోపు ముక్కుపుడక పెట్టుకుని, వెనక మర బిగించి, కారు వైపు నడిచాను.